ఈశాన్యం స్లాటుకి మూత

రౌటర్ అనగానే ఇవాళ్టి పిల్లలకి హాల్లో టీవీ వెనక మిణుకుమిణుకుమనే చిన్న డబ్బా గుర్తొస్తుంది. నెట్ రాకపోతే స్విచ్ తీసి వేస్తారు, వస్తుంది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో పెద్ద సంస్థల్లో రౌటరంటే ఇద్దరు పట్టుకుని రాక్‌లోకి ఎక్కించాల్సిన ఇనప్పెట్టె. దాని వెనకవైపు బీరువాలో అరల్లాగా స్లాట్లుండేవి. ఏ ఊరితో కలపాలంటే ఆ ఊరి లైనుకి తగ్గ కార్డు కొని, ఒక స్లాట్లోకి తోసి, మరలు బిగిస్తే ఆ ఊరు మన గదిలోకి వచ్చేసేది. కార్డు పెట్టని స్లాటుకి ఒక రేకు మూత బిగించాలి. పెట్టె కొన్నప్పుడు ఆ మూతలు కూడా ప్లాస్టిక్ సంచిలో వేసి ఇస్తారు. నేను చెప్పబోయేదంతా అలాంటి ఒక మూత గురించి. ఈ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పిలిచి అనుభవాలు చెప్పమంటారు. వాళ్ళకి గెలిచిన కథలు కావాలి. నాకు గట్టిగా గుర్తున్నది ఇదొక్కటే, ఇందులో ఎవరూ గెలవలేదు.

మొదట్లో నేను విజయవాడలో ఒక కంప్యూటర్ కంపెనీ తరఫున కాలేజీలకీ, బ్యాంకులకీ, హోల్‌సేల్ కొట్లకీ నెట్‌వర్కులు వేసేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్ళు నా పని చూసి ఉద్యోగం ఇచ్చారు. నెట్‌వర్క్ ఇన్‌ఛార్జి అని బోర్డు కూడా పెట్టారు. ఆ బోర్డు కింద ఉన్నది నేనొక్కణ్ణే.

ఆసుపత్రి చైర్మన్ గారు పేరున్న సర్జన్. ఆపరేషన్ థియేటర్లో ఆయన చెయ్యి వణకగా ఎవరూ చూడలేదు. బయటికొస్తే మాత్రం ఆయనకి వాస్తు భయం. నేను చేరేనాటికే మెయిన్ గేటు ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మారింది, మెట్లు పగలగొట్టి మళ్ళీ కట్టారు, క్యాంటీన్ ఆగ్నేయ మూలకి జరిగింది. మా ఊళ్ళో ఆ రోజుల్లో ఇది వింతేమీ కాదు. పటమట నుంచి కృష్ణలంక దాకా ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరి గోడ పడుతూనో లేస్తూనో ఉండేది. గోడలు వాళ్ళవి, మనకెందుకు అనుకునేవాణ్ణి. నా పెట్టె జోలికి రానంతవరకూ నాకు ఎవరి శాస్త్రంతోనూ పేచీ లేదు.

ఆ ఇనప్పెట్టె కొనడానికి కారణం మా గుండె డాక్టరు గారు. దివిసీమ చివర, అవనిగడ్డ దాటి ఇంకా కిందికెళ్తే, తారు రోడ్డు అయిపోయి బురదా మడచెట్లూ మొదలయ్యే చోట ఒక ఊరుంది. చేపల వేట మీద బతికే ఊరు. అక్కడ మా ఆసుపత్రి సెంటరు ఒకటి పెట్టి, ఇసిజి తీసి, ఆ గీతలు లైను మీద విజయవాడ పంపితే తాను ఇక్కడ కూర్చుని చూసి చెబుతానని ఆయన ఆలోచన. గుండెపోటని తేలితే రక్తం గడ్డని కరిగించే ఇంజక్షన్ వెంటనే అక్కడే ఇవ్వాలి. ఇంజక్షన్ సెంటర్లో ఫ్రిజ్‌లోనే ఉంటుంది. కాకపోతే గుండెపోటు కానివాడికి ఇస్తే లోపల రక్తస్రావం అయి ప్రాణం పోవచ్చు. అందుకని డాక్టరు గారు గీతలు తన కళ్ళతో చూసి చెబితేనే ఇవ్వాలని నియమం.

అక్కడికి ఎవరు వెళ్తారనేది పెద్ద సమస్య అయింది. మా ఐసియులో పనిచేసే ఒక సిస్టర్ తనంతట తానే చెయ్యెత్తింది. ఆమెది ఆ ఊరే, వేటకెళ్ళేవాళ్ళ ఇంటి పిల్ల. నర్సింగు చదివి బెజవాడలో స్థిరపడ్డాక మళ్ళీ ఆ ఉప్పుగాలిలోకి పోతానంటుందేమిటని తోటి నర్సులు నవ్వారు. నేను కూడా అడిగాను.

"మా ఊళ్ళో గుండెల్లో నొప్పొస్తే సోడా తాగించి పడుకోబెడతారండి," అంది. "పొద్దున్నే లేస్తే గ్యాసు. లేవకపోతే గుండె. మా నాన్న లేవలేదండి."

ఆ తరవాత ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

చైర్మన్ గారు సెంటరుకి ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. "ఒక ఏడాది చూద్దాం. ఏ గొడవా లేకుండా నడిస్తే శాశ్వతంగా ఉంచుదాం. మాట వచ్చిందంటే మాత్రం ఆ రోజే తాళం వేస్తాను," అన్నారు. ఆ మాట అన్నప్పుడు సిస్టర్ అక్కడే ఉంది. అప్పట్నుంచీ ఆమెకి ఆ ఏడాది ఒక పరీక్ష అయింది. నాకూ అయింది, ఎందుకంటే గొడవ వచ్చేది ముందు లైను దగ్గరే.

ఆ చలికాలంలో నేను అటు చాలాసార్లు తిరిగాను. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు గంటలకొద్దీ నిలబడిపోయేది. సెంటర్లో కంప్యూటరు పెట్టి, టెలిఫోన్ డిపార్ట్‌మెంటు వాళ్ళని బతిమాలి లైను వేయించి, ఉప్పుగాలికి పచ్చబారిపోతున్న కనెక్షన్లన్నీ తుడిచి బిగించి, ఇక్కడ పెట్టెలో వాళ్ళ కార్డు పెట్టాను. మొదటి ఇసిజి మా డాక్టరు గారి తెర మీద వచ్చిన రోజున ఆయన కుర్చీలోంచి లేచి నా భుజం తట్టారు. అవతల ఫోన్లో సిస్టర్, "కనబడుతుందాండీ? అచ్చంగా కనబడుతుందాండీ?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆ మర్నాడే వాస్తు చెప్పే సిద్ధాంతి గారిని వెంటబెట్టుకుని చైర్మన్ గారు నా గదికి వచ్చారు. వెనక ఏవో గారు, అంటే పరిపాలన చూసే ఆఫీసరు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆసుపత్రిలో ఏ కొత్త మిషను వచ్చినా సిద్ధాంతి గారు చూడటం మామూలే. అది ఏ మూలనుందో చూసి వెళ్ళిపోతారనుకున్నాను. ఆయన మాత్రం దిక్సూచి తీసి సరాసరి పెట్టె నెత్తిన పెట్టారు.

"ఇందులో అరలున్నాయేమిటండీ?" అని అడిగారు.

స్లాట్ల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "అంటే ఇదీ ఒక గృహం లాంటిదేనన్నమాట," అన్నారు. ఆయన ఏదో మాటవరసకి అన్నారు. చైర్మన్ గారు దాన్ని పట్టుకున్నారు.

"అయితే దీనికి ఈశాన్యం ఏదండీ?"

పెట్టె వీపు తూర్పుకుంది. కాబట్టి ఉత్తరం పక్కనున్న స్లాట్లు ఈశాన్యమని తేలింది. కింది దాంట్లో ఆసుపత్రి మొత్తాన్ని కలిపే కార్డుంది, దాన్ని కదపడానికి లేదన్నాను. అది ఎలాగో ఒప్పుకున్నారు. పైది ఖాళీగా ఉంది. రేపు ఇంకో సెంటరు వస్తే వాడుకోవచ్చని మూత బిగించి ఉంచాను.

"ఈ మూత తీసేయండి," అన్నారు చైర్మన్ గారు. "ఈశాన్యం ఖాళీగా ఉండటం మంచిదే. మూసుకుపోయి ఉండకూడదు."

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. లోపలి ఫ్యాను గాలిని కార్డుల మీదుగా లాగుతుందనీ, పక్కన కన్నముంటే గాలి ఆ కన్నంలోంచే పోయి కార్డులు వేడెక్కుతాయనీ, దుమ్మూ పురుగూ దూరితే పెట్టె మొత్తం పోతుందనీ. చైర్మన్ గారు చిరునవ్వు నవ్వారు. ఆపరేషన్ ముందు పేషెంటు బంధువులు కంగారు పడుతుంటే నవ్వే నవ్వు అది.

"ఏసీ గదిలో పురుగెక్కణ్ణుంచి వస్తుందండీ?"

ఆ గదికి ఈశాన్యాన ఉన్న కిటికీ ఎప్పుడూ ఓరగా తెరిచి ఉంచాలని అంతకు ముందే ఆర్డరు వేసింది ఆయనే. గదిలో దీపం రాత్రిళ్ళు ఆర్పకూడదని కూడా వేశారు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. ఏవో గారు నా వైపు కళ్ళు పెద్దవి చేసి చూశారు. మూత తీశాను.

అప్పట్నుంచి ఏవో గారికీ నాకూ మధ్య ఒక నిశ్శబ్ద యుద్ధం నడిచింది. వాళ్ళు వెళ్ళగానే నేను మూత బిగించేవాణ్ణి. శుక్రవారం పూట ఏవో గారు టార్చి లైటు పట్టుకుని వచ్చి, పెట్టె వెనక్కి వంగి చూసి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మూత విప్పి నా బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఆయన ఆ స్క్రూడ్రైవరు దానికోసమే కొనుక్కున్నారని నాకు తరవాత తెలిసింది. మా ఇద్దరి పుణ్యమా అని ఆ మర గాడి అరిగిపోవడం మొదలైంది.

చివరికి నేనే ఒక మధ్యేమార్గం కనిపెట్టాను. మా ఇంట్లో చిరిగిన నైలాన్ దోమతెర ఉంటే దాంట్లోంచి ముక్క కత్తిరించి, స్లాటు మీద బిగించి కట్టాను. సిద్ధాంతి గారు వచ్చినప్పుడు చూపించాను. ఆయన వేలితో తాకి, కళ్ళజోడు ఎత్తి చూసి, "గాలి ఆడుతోంది, వెలుతురు పోతోంది. ఇంకేం కావాలండీ, దోషం లేదు," అన్నారు. నిజం చెప్పాలంటే ఆ గుంపులో కాస్త మాట వినే మనిషి ఆయనొక్కరే. ఆ దోమతెర జాలీ ఉన్నా గాలి కొంత పక్కదారి పట్టేది, పెట్టె అనుకున్నదానికంటే వేడిగానే నడిచేది. కానీ పురుగు రాలేదు. నడిచింది.

సెంటరు కూడా నడిచింది. ఎండలు ముదిరే ముందు ఒకాయన్ని మంచం మీద మోసుకొచ్చారట. గీతలు వచ్చాయి, మా డాక్టరు గారు చూశారు, "ఇచ్చేయమ్మా" అన్నారు, సిస్టర్ ఇంజక్షన్ ఇచ్చింది. ఆ మనిషి బతికాడు. కొన్నాళ్ళకి అవనిగడ్డ బస్సు కండక్టరు ఆసుపత్రి గేటు దగ్గరికి తాటాకు బుట్ట తెచ్చి నా పేరు చెప్పాడు. అందులో బతికున్న పీతలు. "లైను వేసినాయనకి ఇమ్మన్నారండి," అన్నాడు. నా ఉద్యోగంలో నాకొచ్చిన అవార్డు అదే. ఆ పీతల్ని మా ఆవిడ భయంతో వంటింట్లోకి రానివ్వలేదు, పక్కింటివాళ్ళు వండి పెట్టారు.

ఏడాది గడువులో సగం దాటింది. ఆ సమయంలో హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి మా ఆసుపత్రి చూడటానికి వచ్చారు. ఆయనకి నచ్చితే ఇలాంటి సెంటర్లు ఇంకా పెట్టడానికి సాయం అందుతుందని అందరూ ఆశపడ్డారు. ఆసుపత్రికి సున్నాలు, పూలకుండీలు, ఫోటోగ్రాఫరు. పొద్దున్నే ఏవో గారు నా గదికి వచ్చి పెట్టె వెనక చూశారు.

"ఇదేమిటండీ, ఇంత ఖరీదైన మిషనుకి ఉయ్యాల తొట్టికి కట్టినట్టు దోమతెర? ఫోటోల్లో పడితే పరువు పోతుంది. పీకేయండి."

"పీకితే మూత బిగించనివ్వండి మరి," అన్నాను.

"చైర్మన్ గారు వస్తున్నారు కదండీ, మూతేమిటి? ఇవాళ్టికి వదిలేయండి. ఆయన వెళ్ళగానే మీ దోమతెర మీరు కట్టుకుందురుగాని."

పెద్దమనిషి వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. చైర్మన్ గారు ఆ ఖాళీ స్లాటుని చూపిస్తూ రాబోయే సెంటర్లకి దాన్ని అట్టిపెట్టామని చెప్పారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం ఆ పెద్దమనిషి ల్యాప్‌టాప్ ఏదో మొరాయిస్తోందని, దారిలో చూసిపెట్టమని నన్ను ఆయన కారులోనే గన్నవరం విమానాశ్రయానికి పంపారు. నేను దోమతెర ముక్క ఏవో గారి చేతిలో పెట్టాను. "నేనొచ్చేసరికి ఆలస్యమవుతుంది, మీరు గుర్తుంచుకుని కట్టించండి," అన్నాను. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "అదెంత పనండీ," అన్నారు.

గన్నవరం నుంచి తిరిగొస్తుంటే తొలకరి పడింది. వేసవంతా ఉడికిన ఊరు ఒక్కసారి చల్లబడింది. నేను ఆటో దిగి కావాలనే తడుస్తూ ఇంటికి నడిచాను. చాలా హాయిగా అనిపించింది.

పొద్దున్న నా గది తలుపు తీసేసరికి నేలంతా ఉసిళ్ళ రెక్కలు. తొలకరికి ఉసిళ్ళు లేవడం, దీపాలకి మూగడం మన ప్రాంతంలో ఎవరికి తెలియదు? ఓరగా తెరిచిన కిటికీలోంచి వచ్చి, ఆర్పని దీపం కింద రాత్రంతా ఎగిరి రాలాయి. ఉసిళ్ళుంటే బల్లులొస్తాయి. పెట్టె చీకటిగా ఉంది. ఒక్క లైటు వెలగడం లేదు. పెట్టె పైరేకు విప్పి చూస్తే, ఖాళీ స్లాటులోంచి లోపలికి దూరిన బల్లి ఒకటి కరెంటు వచ్చే బోర్డు మీద మాడి అతుక్కుపోయి ఉంది. బోర్డు నల్లబడింది. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను.

"సారండీ, లైను రావట్లేదండి," అంది సిస్టర్. గొంతు నిబ్బరంగానే ఉంది, మాట మాత్రం వేగంగా వస్తోంది. "ఒకాయన్ని తీసుకొచ్చారండి. పడవ లాగుతుంటే కూలబడిపోయాడంట. ఒళ్ళంతా చెమటలండి. ఎడం చెయ్యి లాగేస్తుందంటన్నాడు. ఇసిజి తీశాను. పంపుతుంటే వెళ్ళట్లేదు. మీ దగ్గర ఏమన్నా ఆపారాండీ?"

"పెట్టె పోయిందమ్మా," అన్నాను.

"ఎప్పటికొస్తదండి?"

కొత్త పెట్టె హైదరాబాదు నుంచి రావాలి. మామూలు ఫోను లైను మీద నడిచే పాత మోడెం ఒకటి స్టోరులో ఉంటే తీసి చూశాను. ఆమె దగ్గరున్న కంప్యూటరుకి దానితో మాట్లాడే మోడెం లేదు. ఫోను డాక్టరు గారికి ఇచ్చాను. ఆయన ఆమెని వరసగా ప్రశ్నలు అడిగారు, ఆమె జవాబులు చెప్పింది. చివరికి, "ఫ్యాక్స్ చెయ్యగలవా అమ్మా?" అన్నారు. సెంటర్లో మొదట్లో ఫ్యాక్స్ ఉండేది. నెట్‌వర్కు వచ్చాక అదెందుకని ఏవో గారు వెనక్కి తెప్పించేశారు. ఆమె ఆ కాగితాన్ని సైకిలు మీద ఎవరో ఒకర్ని ఎక్కించి ఎస్టీడీ బూత్‌కి పంపింది.

ఫ్యాక్స్ వచ్చింది. బూత్ వాళ్ళ మిషను రోలరు ఎలా ఉందో గాని, కాగితం నిలువునా నల్లటి పట్టీ. గీతలు ఆ నలుపులో కలిసిపోయాయి. డాక్టరు గారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురికి పెట్టి చూశారు. తిప్పి చూశారు. ఆయన అంత కోపంగా, అంత చిన్నబోయి ఉండటం నేను ముందెన్నడూ చూడలేదు.

"ఇందులో ఏం కనబడట్లేదమ్మా," అన్నారు ఫోన్లో. "చూడకుండా ఇవ్వమని ఎలా చెప్పను? గుండె కాకపోతే మనమే చంపినవాళ్ళమవుతాం. జీపెక్కించు. అవనిగడ్డలో ఆగొద్దు, బందరు తీసుకెళ్ళిపొమ్మను."

"ఇంజక్షన్ నా చేతిలోనే ఉందండి," అంది సిస్టర్. తరవాత, "సరేనండి," అని పెట్టేసింది.

జీపు పులిగడ్డ దాటకముందే ఆ మనిషి పోయాడు. పక్కన సిస్టర్ కూడా ఉంది.

కొత్త పెట్టె మర్నాడు బస్సులో దిగింది. బిగించి, కార్డులు మార్చి, కరెంటు ఇచ్చాను. లైను లేవగానే అవతల సెంటరు కంప్యూటర్లో ఆగిపోయి ఉన్నది దానంతట అదే ప్రయాణం కట్టింది. మా డాక్టరు గారి తెర మీద ముందుగా వచ్చింది నిన్నటి ఇసిజి. గీతలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయన చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇచ్చేయమనేవాణ్ణి," అన్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

చైర్మన్ గారి గదిలో మీటింగు పెట్టారు. డాక్టరు గారు, ఏవో గారు, సిద్ధాంతి గారు, నేను. నాకు ఒళ్ళు మండిపోతోంది. జరిగిందంతా దాచకుండా చెప్పాను. మూత ఉంటే బల్లి దూరేది కాదని, దోమతెర ఉన్నా దూరేది కాదని, దాన్ని తీయించింది ఏవో గారని, కట్టిస్తానని జేబులో పెట్టుకున్నదీ ఆయనేనని. ఏవో గారు తన చేతిగోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. సిద్ధాంతి గారు మెల్లగా, "నేను జాలీకి ఒప్పుకున్నానండీ," అన్నారు. ఆ ముసలాయన మొహంలో రక్తం లేదు.

"మూతలూ దోమతెరలూ మాట్లాడుకోవడానికి కూర్చోలేదండీ మనం," అన్నారు చైర్మన్ గారు. "బల్లైనా సరే, ఈశాన్యంలో జీవం పోయింది. ఎందుకు పోయిందనేది ఆలోచించాలి." గోడ మీది జిల్లా పటం వైపు తిరిగారు. "ఆ సెంటరు మనకి ఏ దిక్కున ఉంది?"

ఆయనే వేలు పెట్టి చూపించారు. "ఆగ్నేయం. ఆగ్నేయంలో నీళ్ళుండకూడదంటారు కదండీ?"

"శాస్త్రంలో ఆ మాట ఉన్న మాట నిజమేనండీ," అన్నారు సిద్ధాంతి గారు. "కానీ అది ఇంటి ఆవరణలో నుయ్యో తొట్టో తవ్వుకునేటప్పుడు చూసేది..."

"నుయ్యి ఉంటేనే దోషమంటున్నారు. అక్కడ సముద్రమే ఉంది," అన్నారు చైర్మన్ గారు.

ఆయన వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగా అన్నారు. మనుషుల గుండెలు కోసి కుట్టగలిగిన మనిషి, బంగాళాఖాతం తన ఆసుపత్రికి తప్పు దిక్కున ఉందని నిర్ణయించి సెంటరు మూసేయమన్నారు. డాక్టరు గారు గొంతు పెంచారు, వాదించారు, చివరికి బతిమాలారు. మాట వస్తే తాళం వేస్తానని ముందే చెప్పానని చైర్మన్ గారు గుర్తుచేశారు. ఆ షరతు సరిగ్గా అమలైంది. ఏవో గారు తాళాలు తెప్పించే పని రాసుకున్నారు. డాక్టరు గారు ఆ ఏడే వేరే ఊరు వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. నాకు ఆయనకున్నట్టు పిలిచేవాళ్ళు లేరు. రిటైరయ్యేదాకా ఆ గదిలోనే కూర్చున్నాను, నా కోపం నాకు జీతంతో పాటు నెలనెలా వస్తూనే ఉంది.

సముద్రపు ఊరి కార్డు పెట్టెలోంచి తీసేశాను. ఆ స్లాటుకి మూత బిగించుకోవచ్చన్నారు, అది ఈశాన్యం కాదు కాబట్టి. ఈశాన్యం స్లాటు మాత్రం కొత్త పెట్టెలోనూ నోరు తెరుచుకునే ఉంది. దోమతెర నేను మళ్ళీ కట్టాను. ఈసారి ఎవరూ వద్దనలేదు.

కొన్నాళ్ళకి సిస్టర్ వచ్చింది. సెంటరు తాళంచెవులు, ఇసిజి మిషను అప్పగించడానికి బస్సులో ఒక్కతే మోసుకొచ్చింది. ఐసియులో మళ్ళీ చేరమన్నారట, చేరనని చెప్పింది. అప్పగింతలు అయ్యాక నా గదికి వచ్చి కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. ఆమె కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి.

"ఇదేనాండీ?"

"ఇదేనమ్మా. అప్పటిది కాదు, దాని జోడుది."

"ఎక్కణ్ణుంచి దూరిందండి?"

లేచి పెట్టె వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. దోమతెర మీద వేలు పెట్టి చూసింది. "ఇది ఆ రోజు లేదా?" అంది. లేదన్నాను. ఎందుకు లేదో కూడా చెప్పాను, ఫోటోల సంగతితో సహా. ఆమెకి అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు. నా బల్ల సొరుగులో పాత మూత పడి ఉంది, ఏవో గారూ నేనూ పంతాలకి పోయి గాడి అరగదీసిన మర దానికి ఇంకా వేలాడుతూనే ఉంది. తీసి ఆమె చేతిలో పెట్టాను. "అసలైతే ఇది ఉండాలమ్మా అక్కడ."

అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. బరువు చూస్తున్నట్టు చేతిని కొంచెం పైకీ కిందకీ ఆడించింది.

"ఇంతేనాండీ?" అంది.

నేను సొరుగు మూసేశాను.

"ఆ పోయినాయన భార్య మా ఇంటి వెనకే ఉంటదండి. కనబడినప్పుడల్లా అడుగుతది, ఏం చెడిపోయింది, ఎందుకు ఆలస్యమైంది అని. బెజవాడలో పెద్ద మిషను చెడిపోయిందని చెప్పాను. ఎంత పెద్దది, మన పడవంత ఉంటదా అని అడిగింది. ఉంటదని చెప్పానండి."

ఆమె ఆ మూతని చీర కొంగుతో తుడిచి చేతిసంచిలో వేసుకుంది. "దీన్ని నేను తీసుకెళ్తానండి. నోటితో చెబితే నమ్మదు, చూపించాలి," అంది.

తీసుకెళ్ళమన్నాను. అవనిగడ్డ బస్సుకి టైమైందని లేచింది.